వేసవిలో అక్రిలమైడ్ జెల్ పాడవుతోంది, అసలు ఏ నమూనాకు ఏ జెల్ వాడాలి?

బెంజిసర్కిల్_బయోకెమ్
నేను విజయవాడలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మినుము గింజల్లోని నిల్వ ప్రోటీన్లను ఎస్‌డీఎస్ పేజ్ మీద వేరుచేస్తున్నాను, అంటే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కలిపి, అక్రిలమైడ్ జెల్ గుండా కరెంటుతో నడిపి సైజును బట్టి విడదీస్తున్నాను. జనవరిలో ముచ్చటగా వచ్చిన 12 శాతం జెల్ ఏప్రిల్ మూడో వారం నుంచి ఒక్కటి కూడా సరిగ్గా రావడం లేదు. మా ల్యాబులో ఏసీ లేదు, మధ్యాహ్నం గోడ మీది థర్మామీటరు 38 డిగ్రీలు చూపిస్తోంది. ద్రావణం కలిపి గ్లాసు ప్లేట్ల మధ్య పోస్తుండగానే బీకరులో మిగిలినది గడ్డకడుతోంది. నమూనా పోసే గుంతలు (వెల్స్) ఏర్పడటానికి పెట్టే కోంబ్ తీస్తే వాటి మధ్య గోడలు దానితోపాటే ఊడివస్తున్నాయి. నడిమి లేన్లు, అంటే నమూనాలు నడిచే దారులు, ముందుకు పరుగెత్తి, అంచు లేన్లు వెనకబడి, ప్రోటీను గీతలు (బ్యాండ్లు) అన్నీ నెలవంకలా వంగుతున్నాయి. సీనియర్ చెప్పారని ద్రావణాన్ని ఐసులో పెట్టి చేశాను. ఈసారి జెల్ జున్నులా తెల్లగా వచ్చింది. రెడీమేడ్ జెల్ కొనుక్కోమని గైడ్ అన్నారు, కానీ ప్రాజెక్టుకు అంత డబ్బు లేదు. ఇంత కష్టమెందుకు, సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్‌తో జెల్ పోసుకోమని స్నేహితురాలు అంటోంది. తప్పు ఎక్కడ జరుగుతోందో, అగరోజ్ నా పనికి ఎందుకు పనికిరాదో, లేదా పనికివస్తుందో, తెలిసినవారు వివరించగలరు.

గుంటూరు_స్లైడు
జెల్ గడ్డకట్టడానికి కలిపే రెండు మందుల్లో టెమెడ్ ఎంత వేస్తున్నారు? ఏపీఎస్ ద్రావణం ఎప్పుడు కలిపినది? ఈ రెండూ చెబితే సగం జవాబు అక్కడే ఉంటుంది.

బెంజిసర్కిల్_బయోకెమ్
ఏపీఎస్ 10 శాతం ద్రావణం నెల రోజుల క్రితం కలిపి ఫ్రిజ్‌లో పెట్టినది. జనవరిలో జెల్ ఎంతకీ గట్టిపడకపోతే టెమెడ్ పెంచాను, అప్పటి నుంచి 10 మి.లీ. ద్రావణానికి 20 మైక్రోలీటర్లు వేస్తున్నాను.

పాత_మాస్టారు
జనవరి చలికి వేసిన మందును ఏప్రిల్ ఎండలోనూ వేస్తున్నావమ్మా, తప్పు అక్కడే ఉంది. నేను ముప్పయ్యేళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను కాబట్టి కాస్త నిదానంగానే రాస్తాను.

జెల్‌లోని జల్లెడను నువ్వే అల్లుతున్నావు, అదీ పోసిన తరువాత మొదటి అరగంటలోనే. అక్రిలమైడ్ చిన్న అణువు. ఏపీఎస్ నుంచి పుట్టిన రాడికల్, అంటే చాలా చురుకైన అణుముక్క, తగలగానే ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పొడవైన గొలుసవుతుంది. బిస్ అక్రిలమైడ్‌కు రెండు వైపులా చేతులుంటాయి కాబట్టి అది ఒక గొలుసును మరో గొలుసుకు ముడివేస్తుంది. టెమెడ్ పని ఏపీఎస్ నుంచి రాడికల్స్ త్వరగా పుట్టేలా చేయడమే. ఈ గొలుసులకూ ముడులకూ మధ్య మిగిలిన ఖాళీలే మనం రంధ్రాలంటున్నవి. మొత్తం అక్రిలమైడ్ శాతాన్ని టీ అనీ, అందులో బిస్ వాటాను సీ అనీ రాస్తాం. టీ పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. సీ విషయం అంత సూటిగా ఉండదు: సుమారు 5 శాతం దగ్గర రంధ్రం అన్నిటికంటే చిన్నగా ఉండి, అంతకు మించితే ముడులన్నీ ఒకచోట గుంపుగా చేరడం వల్ల జెల్ తెల్లబడి పెళుసుగా మారి, రంధ్రాలు మళ్లీ పెద్దవవుతాయి. అక్రిలమైడ్, బిస్ పాళ్లు 29:1 ఉన్న మిశ్రమంలో సీ 3.3 శాతం, 37.5:1 అయితే 2.6 శాతం.

ఇక వేడి సంగతి. టెమెడ్ ఎక్కువై, పైగా గది 38 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లెక్కలేనన్ని రాడికల్స్ ఒక్కసారిగా పుట్టి, ప్రతి ఒక్కటీ ఒక గొలుసును మొదలుపెడుతుంది. ఉన్న అక్రిలమైడ్‌ను అన్ని గొలుసులూ పంచుకోవాలి కాబట్టి ప్రతిదీ పొట్టిగానే ఆగిపోతుంది. పొట్టి పోగులతో నేసిన గుడ్డకు బలం ఎక్కడిది? కోంబ్ తీయగానే గోడలు ఊడిరావడానికి అదే కారణం. ఈ చర్య తనంతట తానే వేడిని విడుదల చేస్తుందని కూడా గుర్తుంచుకో. నీ గోడ మీద 38 ఉంటే ప్లేట్ల మధ్య అంతకంటే ఎక్కువే ఉంటుంది.

మంగళగిరి_పీజీ
మాస్టారు చెప్పినదంతా ఒప్పుకుంటాను, అయితే ఐసు విషయంలో ఆ సీనియర్‌ను తప్పుపట్టడానికి లేదు. నేను మూడేళ్లుగా బీకరును ఐసులో పెట్టే కలుపుతున్నాను, పోయడానికి తీరిక దొరుకుతుంది, జెల్ ఎన్నడూ తెల్లబడలేదు.

ఏలూరురోడ్డు_ప్రోటీన్
మంగళగిరి గారూ, నా అనుభవం వేరు. చల్లటి ద్రావణంలో ఆక్సిజన్ ఎక్కువగా కరిగి ఉంటుంది, ఆక్సిజన్ రాడికల్స్‌ను మింగేస్తుంది, అందువల్ల చర్య ఆలస్యంగా మొదలవుతుంది. చలిలోనే గడ్డకట్టిన జెల్ మసకగా, సాగుడు లేకుండా, రంధ్రాలు పెద్దవై వస్తుంది. బెంజిసర్కిల్ గారు జున్నుతో పోల్చినది సరిగ్గా ఈ లక్షణాన్నే. గడ్డకట్టే సమయంలో జెల్ 23 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. ఆలస్యం కావాలంటే ఏపీఎస్, టెమెడ్ తగ్గించుకోవాలి కానీ జెల్‌ను వణికించకూడదు.

మంగళగిరి_పీజీ
మీరు అన్నాక నా పద్ధతిని ఒకసారి తలచుకున్నాను. ఐసులో నుంచి తీశాక ప్లేట్లు సర్దుకోవడానికి నాకు పది నిమిషాలు పడుతుంది, మా గదిలో ఏసీ 24 మీద ఉంటుంది. అంటే పోసే సమయానికి నా ద్రావణం గది వేడికి వచ్చేసినట్టే. ఐసు నాకు మేలు చేసిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మేలు చేసినది ఏసీ అన్నమాట. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత_మాస్టారు
ఏలూరురోడ్డు గారు చెప్పిన లెక్కకే నేనూ వస్తాను. 10 మి.లీ.కు 10 శాతం ఏపీఎస్ 50 మైక్రోలీటర్లు, టెమెడ్ 5 మైక్రోలీటర్లు చాలు. ఆ రెండూ కలపకముందే ద్రావణాన్ని పదిహేను నిమిషాలు వాక్యూమ్ కింద ఉంచి గాలి తీసెయ్యి. పోశాక 15, 20 నిమిషాల్లో గట్టిపడటం కంటికి కనిపించాలి. అంతకంటే ముందే కనిపిస్తే మందు ఎక్కువైందని అర్థం. కంటికి గట్టిపడినట్టు కనిపించినా లోపల చర్య ఇంకా సాగుతూనే ఉంటుంది కాబట్టి గంటసేపు కదిలించకు.

ఏపీఎస్ మంచిదో కాదో చెవితోనే తెలుసుకోవచ్చు. చిన్న గొట్టంలో పొడి తూచుకొని నీరు పొయ్యి. మంచి పొడి అయితే సన్నగా చిటపటమంటుంది, తేమ పీల్చుకొని చచ్చిపోయిన పొడి నిశ్శబ్దంగా కరిగిపోతుంది. ద్రావణాన్ని వారానికి మించి ఉంచుకోవద్దు.

గుంటూరు_స్లైడు
వేరుచేసే కింది జెల్ పోయగానే దాని మీద ఐసోప్రొపనాల్ గానీ నీటితో తడిపిన బ్యూటనాల్ గానీ పలచగా పరుస్తున్నారా? పరచకపోతే పై అంచు గాలి తగిలి గట్టిపడదు, గీత కూడా సమంగా రాదు.

బెంజిసర్కిల్_బయోకెమ్
నీళ్లు మాత్రం పోస్తున్నాను, అదీ పైనుంచి ఒక్కసారిగా. రేపే మార్చుకుంటాను. మరి అగరోజ్ మాటేమిటి?

విత్తనాల_వీధి
అగరోజ్ గురించి నేను చెబుతాను, గుంటూరులో మిరప, పత్తి హైబ్రిడ్ విత్తనాల జన్యు స్వచ్ఛత చూసే పని నాది. మొలక ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ (కావలసిన ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీయడం) చేసి, తల్లి బ్యాండూ తండ్రి బ్యాండూ రెండూ ఒకే మొక్కలో కనిపిస్తే అది హైబ్రిడ్ అని రాస్తాం. తల్లి బ్యాండు ఒక్కటే ఉంటే అది స్వపరాగసంపర్కంతో వచ్చిన గింజ, రైతుకు వెళ్లకూడనిది. 150 బేస్‌ల ముక్కకూ 180 బేస్‌ల ముక్కకూ తేడా చూడటానికి 3 శాతం అగరోజ్ సరిపోతుంది. బేస్ అంటే డీఎన్‌ఏలోని ఒక అక్షరం. రెండింటికీ నాలుగైదు బేస్‌లే తేడా ఉన్న మార్కరు (పోల్చి చూసే డీఎన్‌ఏ ముక్క) వచ్చినప్పుడు మాత్రం అగరోజ్‌లో రెండూ కలిసిపోయి ఒక మందపు గీతలా కనిపిస్తాయి, అప్పుడు 6 లేదా 8 శాతం అక్రిలమైడ్ మీదికి వెళ్లక తప్పదు. ఒక బేస్ తేడాను సైతం చూపగలిగింది కనుకనే సాంగర్ 1977లో డీఎన్‌ఏ వరుసను చదవడానికి యూరియా కలిపిన అక్రిలమైడ్ జెల్ వాడారు.

కారణం రంధ్రమే. 1 శాతం అగరోజ్‌లో రంధ్రాలు వంద నానోమీటర్లకు అటూఇటూ ఉంటాయి, అక్రిలమైడ్‌లో అవి కొన్ని నానోమీటర్లే. ఎస్‌డీఎస్‌తో చుట్టుకున్న 50 కిలోడాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువుకు కొలత) మినుము ప్రోటీను అగరోజ్‌లోకి వెళ్తే కోటగుమ్మంలోంచి కోడిపిల్ల నడిచినట్టే ఉంటుంది. పక్కన 30 కిలోడాల్టన్లది నడిచినా రెండింటికీ అడ్డేమీ ఉండదు, కనుక అవి విడిపోవు.

ఏలూరురోడ్డు_ప్రోటీన్
విత్తనాల వీధి గారి మాటకు చిన్న చేర్పు. ప్రోటీన్లకు అగరోజ్ ఎన్నడూ పనికిరాదని మాత్రం అనుకోకండి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ గొలుసులు లక్షల డాల్టన్ల నుంచి కోటి డాల్టన్లు దాటేంత భారీగా ఉంటాయి, అవి అక్రిలమైడ్ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వాటిని ఎస్‌డీఎస్ కలిపిన అగరోజ్‌లోనే చూస్తారు. సీరం ప్రోటీన్లను కూడా అగరోజ్ మీద వేరుచేస్తారు, అయితే అక్కడ జల్లెడ పని ఏమీ జరగదు. విద్యుదావేశాన్ని బట్టి మాత్రమే విడిపోతాయి.

పొన్నూరు_సైన్సు_టీచర్
అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే చైనా గ్రాస్‌తో పిల్లలకు ఇది చూపించవచ్చునా?

విత్తనాల_వీధి
తప్పకుండా చూపించవచ్చు మాస్టారూ. చైనా గ్రాస్ అంటే అగర్, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీస్తారు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ తీరంలో దొరికే జెలిడియెల్లా అనే నాచు దీనికి వాడతారు. అగర్‌లో అగరోజ్, అగరోపెక్టిన్ అని రెండు భాగాలుంటాయి. అగరోపెక్టిన్ మీద సల్ఫేట్ వంటి ఋణావేశపు గుంపులు అంటిపెట్టుకొని ఉండటం వల్ల కరెంటు పెట్టినప్పుడు నీరే ఋణధ్రువం వైపు ప్రవహించి నమూనాను వెనక్కి తోస్తుంది. అందుకే పరిశోధనకు దాన్ని తీసేసిన అగరోజ్ కొంటాం. మిఠాయి రంగులను వేరుచేసి చూపడానికి మాత్రం అగర్ చాలు. పలచటి వంటసోడా నీటితో మరిగించి సబ్బు పెట్టెలో పోసి, 9 వోల్టుల బ్యాటరీలు నాలుగైదు వరసగా కలపండి. పసుపు రంగు టార్ట్రజీన్ ధనధ్రువం వైపు నడుస్తుంది. నలభై అయిదు వోల్టులకు మించి వెళ్లవద్దు, తడి చేతులతో తీగలు ముట్టనివ్వవద్దు.

పొన్నూరు_సైన్సు_టీచర్
చాలా సంతోషం. జూన్‌లో బడి తెరవగానే చేయిస్తాను.

గుంటూరు_స్లైడు
రంధ్రం గురించి ఇంతమంది రాశారు కాబట్టి, రంధ్రానికి ఏ పనీ లేని ఆధారం, అంటే నమూనా నడిచే మాధ్యమం, గురించి కూడా రాయాలి. నేను పద్దెనిమిదేళ్లు హిమోగ్లోబిన్ పరీక్షలకు సెల్యులోజ్ ఎసిటేట్ పట్టీలు వాడాను. 1957లో కోన్ దీన్ని ప్రవేశపెట్టారు; అంతకుముందు వాడిన వడపోత కాగితం ప్రోటీన్లను పట్టుకొని తోక గీయిస్తుంది, ఇది గీయించదు. పొడి పట్టీ తెల్లగా, గాలి నిండిన నురుగులా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా పీహెచ్ మారకుండా నిలిపే బఫర్‌లో ముంచితే లోపలి గాలి బయటికి పోలేక తెల్ల మచ్చలుగా చిక్కుకుంటుంది. అందుకని ఒక అంచు నుంచి మెల్లగా నీటి మీద వాల్చాలి, తడి కిందనుంచి పైకి పాకుతూ పట్టీ మొత్తం బూడిదరంగులోకి మారడం కంటికి కనిపిస్తుంది. ఆ తరువాత రెండు అద్దుడు కాగితాల మధ్య ఒక్క ఒత్తు ఒత్తాలి. ఎక్కువ ఒత్తితే ఎండిపోతుంది, తక్కువైతే నమూనా గీత పాకుతుంది. ఆ ఒత్తు నాకు చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది.

8.6 పీహెచ్ దగ్గర మామూలు హిమోగ్లోబిన్ ఏ అన్నిటికంటే ముందు ధనధ్రువం వైపు వెళ్తుంది, వెనక ఎఫ్, తరువాత ఎస్, అందరికంటే వెనక ఏ2. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవారి హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది. ఒక ఋణావేశం తగ్గడం వల్ల ఈ రకం, అంటే ఎస్, వెనకబడుతుంది. 1949లో పాలింగ్ బృందం ఈ తేడాను కరెంటుతో అణువులను నడిపించే ఎలక్ట్రోఫొరెసిస్‌తోనే పట్టుకొని సికిల్ సెల్‌ను అణుసంబంధ వ్యాధి అన్నారు. అయితే డీ పంజాబ్ అనే మరో రకానికి కూడా ఒక ఋణావేశమే తగ్గుతుంది కాబట్టి ఎస్, డీ రెండూ ఒకే చోట కూర్చుంటాయి. అప్పుడు 6.2 పీహెచ్ దగ్గర సిట్రేట్ అగర్ మీద మళ్లీ నడపాలి, అక్కడ డీ వెళ్లి ఏ తో కలుస్తుంది, ఎస్ విడిగా మిగులుతుంది. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది కనుక ఈ తేడా మనకు పుస్తకంలో విషయం మాత్రమే కాదు. ఒక్క పట్టీ మీద ఎస్ అని రాసి పంపితే పెళ్లి కావాల్సిన అమ్మాయి భవిష్యత్తు మీద ఆ అక్షరం పడుతుంది. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో వీటిని వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ వచ్చింది, అయినా ఒక పద్ధతిలో అనుమానం వస్తే మరో పద్ధతితో సరిచూడాలన్న నియమం మారలేదు.

తెనాలి_అమ్మాయి
నేను సైన్సు చదవలేదు. గుంటూరు స్లైడు గారు రాసినది చదివాక అడగాలనిపించింది. నిరుడు మా నాన్నగారికి నడుంనొప్పి వస్తే ఒక ప్రైవేటు ల్యాబులో సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ చేశారు. బీటా, గామా అనే ప్రోటీను గుంపుల మధ్య సన్నని బ్యాండు ఉంది, మైలోమా (ఎముక మజ్జ క్యాన్సరు) అనుమానించాలి అని రాశారు. ఇంట్లో పది రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. వేరే చోట మళ్లీ చేయిస్తే ఆ బ్యాండు లేనే లేదు, మిగతా పరీక్షలూ మామూలుగానే వచ్చాయి. ఒకే మనిషి రక్తంలో అది కనిపించి మాయమవడం ఎలా సాధ్యం?

గుంటూరు_స్లైడు
మొదటిసారి రక్తం తీసిన గొట్టం మూత ఏ రంగులో ఉందో గుర్తుందా అమ్మా?

తెనాలి_అమ్మాయి
ఊదారంగు. రెండోసారి ఎరుపు. రెండో చోట ఆయన ఎరుపు గొట్టమే కావాలని పట్టుబట్టారు, అందుకే గుర్తుంది.

గుంటూరు_స్లైడు
అదే జరిగి ఉండవచ్చు. ఊదారంగు గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది, దాని నుంచి వచ్చేది ప్లాస్మా. ప్లాస్మాలో ఫైబ్రినోజెన్ మిగిలి ఉంటుంది, అది జెల్ మీద సరిగ్గా బీటా, గామా మధ్య సన్నని గీతగా నిలబడుతుంది. ఎర్ర గొట్టంలో రక్తం గడ్డకట్టినప్పుడు ఫైబ్రినోజెన్ ఆ గడ్డలోకే వెళ్లిపోతుంది కాబట్టి సీరంలో ఆ గీత ఉండదు. జెల్ తన పని తాను నిజాయితీగా చేసింది, తప్పు గొట్టం దగ్గర జరిగి ఉంటుంది. అటువంటి చోట బ్యాండు కనిపిస్తే ముందు గొట్టం చూడాలి, ఆపైన ఆ బ్యాండు ఏ ప్రోటీనో తేల్చే ఇమ్యునోఫిక్సేషన్ చేయాలి, ఆ తరువాతే మైలోమా అన్న మాట రాయాలి. మీరు పడిన పది రోజుల బాధ పడాల్సినది కాదు. ఇది మీ నాన్నగారి వైద్యుడికి కూడా చెప్పండి, ఆ మొదటి రిపోర్టు ఫైలులో అలాగే మిగిలిపోకూడదు.

తెనాలి_అమ్మాయి
ఇవాళ్టిదాకా ఎవరూ ఇలా విడమరచి చెప్పలేదు. నాన్నగారికి చదివి వినిపించాను.

మంగళగిరి_పీజీ
రెడీమేడ్ జెల్ మాట ఎవరూ ఎత్తలేదు. గైడ్ గారు చెప్పినదాన్నీ తీసిపారేయకూడదు. పై నుంచి కిందికి 4 నుంచి 20 శాతం దాకా పెరిగే గ్రేడియంట్ జెల్ చేత్తో పోయడం నిజంగా కష్టం, అది కొనుక్కోవడమే మేలు.

పాత_మాస్టారు
గ్రేడియంట్ విషయంలో మీ మాటే నాదీ. మామూలు 12 శాతం జెల్ మాత్రం విద్యార్థి చేత్తోనే పోయాలంటాను. పెట్టె విప్పి వాడినవాడికి బ్యాండు వంకర తిరిగితే ఎక్కడ వెతకాలో తెలియదు. ఇంకొకటి, 8.8 పీహెచ్ దగ్గర పాలీఅక్రిలమైడ్ నెమ్మదిగా విచ్ఛిన్నమై ఆవేశం గల ఆమ్ల గుంపులు పుడతాయి. అందుకే ఎక్కువ కాలం నిల్వ ఉండాల్సిన జెల్‌లను తటస్థ పీహెచ్‌కు దగ్గరగా బిస్‌ట్రిస్‌తో చేస్తారు. మన ఎండల్లో వ్యానులో తిరిగి వచ్చిన పెట్టె అయితే తేదీ చూసి, జెల్‌ను వెలుతురులో పెట్టి చూసి మరీ వాడాలి.

కృష్ణలంక_కుర్రాడు
అక్రిలమైడ్ రాకముందు ఏం వాడేవారు మాస్టారూ?

పాత_మాస్టారు
మొదట జెల్ వంటి ఏ ఆధారమూ లేదు. 1937లో టిసేలియస్ యూ ఆకారపు గాజు గొట్టంలో ద్రావణంలోనే సీరంను నడిపి ఆల్బుమిన్, ఆల్ఫా, బీటా, గామా అని చూపారు, 1948లో నోబెల్ అందుకున్నారు. ద్రావణంలో వేడికి ప్రవాహాలు పుట్టి హద్దులు చెదిరిపోయేవి, దేన్నీ పూర్తిగా విడదీయడం కుదిరేది కాదు. తరువాత కాగితం వచ్చింది. టొరంటోలో ఆలివర్ స్మితీస్ ఇన్సులిన్ మీద పనిచేస్తుంటే అది కాగితానికి అతుక్కొని కదిలేది కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ బట్టలకు పెట్టే గంజి చల్లారితే జెల్లీలా పేరుకోవడం ఆయనకు గుర్తొచ్చింది. బంగాళదుంప పిండిని వేడిచేసి పోసి, అందులో సీరం నడిపి చూస్తే కాగితం మీద అయిదారు పట్టీలుగా కనిపించినది ఇంకా ఎన్నో పట్టీలుగా విడిపోయింది. 1955లో ఆ పని అచ్చయింది. గంజి జెల్‌లోనే మొదటిసారి రంధ్రం కూడా వేరుచేయడంలో పాలుపంచుకుంది. మనిషికీ మనిషికీ సీరంలోని హాప్టోగ్లోబిన్‌లో తేడా ఉంటుందని ఆయనకు తెలిసింది కూడా ఆ గంజిలోనే. వేరే పరిశోధనకు 2007లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

మా అమ్మ కూడా నాన్న పంచెలకు గంజి పెట్టేది. ఆ గిన్నె అడుగున పేరుకున్నదాన్ని వేలితో నొక్కి ఆడుకున్నవాణ్నే నేనూ. ఈ పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ ఆ గిన్నె గుర్తొచ్చేది.

గంజితో చిక్కేమిటంటే ప్రతి దుంప పిండీ ఒకేలా ఉండదు, రంధ్రాన్ని మన ఇష్టానికి మార్చుకోవడం కష్టం. 1959లో రేమండ్, వైన్‌ట్రాబ్ అక్రిలమైడ్‌ను తెచ్చారు. శాతం మార్చితే రంధ్రం మారుతుంది, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. 1964లో ఓర్న్‌స్టీన్, డేవిస్ పైన పలచటి జెల్, కింద చిక్కటి జెల్ పెట్టి నమూనాను సన్నని గీతగా పేర్చే పద్ధతి చెప్పారు. 1970లో లెమ్లీ దానికి ఎస్‌డీఎస్ కలిపారు. పైన 6.8, కింద 8.8 పీహెచ్ అని ఈ అమ్మాయి పోస్తున్నది ఆ జెల్‌నే.

బెంజిసర్కిల్_బయోకెమ్
నాలుగు రోజుల తరువాత వస్తున్నాను. ఇన్స్ట్రుమెంట్ గదిలో ఏసీ ఉంది, ఉదయం ఏడున్నరకు అక్కడ పోయడానికి అనుమతి అడిగాను. గది 24 డిగ్రీలు. కొత్త ఏపీఎస్ సీసా తెరిచి నీరు పోస్తే మాస్టారు చెప్పినట్టే చిటపటమంది, చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు విన్నాను. టెమెడ్ 5 మైక్రోలీటర్లు. ఐసోప్రొపనాల్‌ను గాజు అంచు వెంట చుక్కచుక్కగా జార్చాను. 18 నిమిషాలకు ద్రవానికీ జెల్‌కూ మధ్య కత్తితో గీసినట్టు గీత కనిపించింది. గంట ఆగి, పై జెల్ పోసి, కోంబ్ తీస్తే ఒక్క గోడ కూడా విరగలేదు. వెల్స్ తాటి ముంజ లోపలిలా నున్నగా, పారదర్శకంగా ఉన్నాయి. నడిపేటప్పుడు వోల్టేజీ 150 నుంచి 100కు తగ్గించి, బఫర్‌ను ముందే చల్లబరిచాను. నెలవంక పోయింది. 50 కిలోడాల్టన్ల దగ్గర మినుము గ్లోబులిన్ (నిల్వ ప్రోటీను) బ్యాండు నిటారుగా నిలబడింది. ఇంకా ఒక్క ఇబ్బంది మిగిలింది: నా నమూనా లేన్లు కిందికి వెళ్లే కొద్దీ వెడల్పై, పక్కన బరువు తెలిసిన ప్రోటీన్లు వేసిన మార్కరు లేన్‌ను నొక్కేస్తున్నాయి.

ఏలూరురోడ్డు_ప్రోటీన్
గ్లోబులిన్లను ఉప్పు నీటితో తీశారు కదా? ఎంత ఉప్పు?

బెంజిసర్కిల్_బయోకెమ్
0.5 మోలార్ సోడియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ బఫర్‌లో.

ఏలూరురోడ్డు_ప్రోటీన్
రెండూ ఇబ్బందే. ఉప్పు ఎక్కువున్న లేన్‌లో విద్యుత్ క్షేత్రం పక్క లేన్లతో సమానంగా ఉండదు, అందుకే ఆ లేన్ వెడల్పై పక్కవాటిని నెడుతుంది. పొటాషియం ఎస్‌డీఎస్‌తో కలిసి తెల్లటి అవక్షేపం కడుతుంది. మీ నమూనాను మరిగించి చల్లార్చాక గొట్టం అడుగున తెల్లగా కనిపిస్తే అది ప్రోటీను అనుకోవద్దు. పొటాషియం బదులు సోడియం ఫాస్ఫేట్ వాడండి. తీసిన తరువాత సన్నటి పొర సంచిలో పెట్టి డయాలిసిస్ చేసి ఉప్పు దించండి, లేదా చల్లటి అసిటోన్‌తో ప్రోటీన్‌ను అవక్షేపించి, ఆరబెట్టి, నమూనా బఫర్‌లో కరిగించుకోండి.

విత్తనాల_వీధి
కరెంటు పోయినప్పుడు ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. మాకు మే నెలలో అదే పెద్ద దెబ్బ. జెల్ నడుమ గంట ఆగితే చిన్న ముక్కలు నాలుగు వైపులా పాకి బ్యాండు మసకబారుతుంది. మేము పవర్ ప్యాక్‌ను యూపీఎస్ మీదికి మార్చుకున్నాం.

బెంజిసర్కిల్_బయోకెమ్
ఇన్స్ట్రుమెంట్ గదికి జనరేటరు ఉంది, ఆ బాధ తప్పింది. గొట్టం అడుగున తెల్లటిది నిజంగానే ఉంది, ప్రోటీను అనుకొని సంతోషించాను కూడా. రేపు సోడియంతో మళ్లీ తీస్తాను. ఇంకొక్క సందేహం: మిగిలిన అక్రిలమైడ్ ద్రావణాన్ని సింకులో పోయవచ్చా?

గుంటూరు_స్లైడు
పోయవద్దు. గడ్డకట్టని అక్రిలమైడ్ నరాల మీద పనిచేసే విషం, చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. చేతి తొడుగు లేకుండా ముట్టకండి, పొడి తూచేటప్పుడు మాస్కు పెట్టుకోండి, వీలైతే కలిపి అమ్మే ద్రావణమే కొనండి. మిగిలినదాంట్లో ఏపీఎస్, టెమెడ్ వేసి గడ్డకట్టించి, ల్యాబు వ్యర్థాల డబ్బాలో వేయండి. గట్టిపడిన జెల్‌లో కూడా కలవని అక్రిలమైడ్ కొంత ఉంటుంది కాబట్టి దాన్ని కూడా తొడుగుతోనే పట్టుకోవాలి.

బెంజిసర్కిల్_బయోకెమ్
జనవరి నుంచి తొడుగు ఒక్క చేతికే వేసుకుంటున్నాను, పిపెట్ పట్టుకునే చేతికి. ఇప్పుడే లేచి వెళ్లి రెండో పెట్టె తెరిచాను.

పాత_మాస్టారు
సోడియంతో తీసిన జెల్ ఫోటో ఇక్కడ పెట్టమ్మా, చూడాలని ఉంది.